కడియం నర్సరీ డైరీ: 1,800 కొమ్మలు నాటితే 812 మొక్కలు

మార్చి 10న మడిలోంచి ఏరి గట్టు మీద పోసిన ఎండు కొమ్మలు 407. నాటినవి 600. ఆ కుప్ప పక్కన కూర్చునే ఈ లెక్కలు రాయడం మొదలుపెట్టాను. మాలాగా అర ఎకరంలో నర్సరీ పెట్టుకుని, మొక్కలు బయట కొని తెచ్చి అమ్ముకునేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎవరైనా సొంతంగా కొమ్మలతో మొక్కలు చేసుకోవాలనుకుంటే, మా తప్పులు ముందే తెలిసి ఉండటం మంచిది.

మాది తూర్పు గోదావరి జిల్లా, కడియం మండలం. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, పొట్టిలంక, ఎటు చూసినా నర్సరీలే. పెద్ద నర్సరీల వాళ్లు పొగమంచులా నీళ్లు చిమ్మే గదుల్లో లక్షల మొక్కలు తీస్తారు. మాకు ఉన్నది యాభై సెంట్లు, ఒక బోరు, పక్కన కాలువ. మందారం మొక్క 18 రూపాయలకు కొని 30కి అమ్మేదాన్ని. దారిలో విరిగినవి, నీడలో పెరిగి మా ఎండకు మాడినవి పోగా మిగిలేది తక్కువ.

2025 వసంతానికి పెట్టుకున్న లెక్క ఇది: మందారం 600, కాగితంపూలు 600, నూరువరహాలు 600. మూడు విడతలు, విడతకు ఒక్కో రకం 200.

దశ 1: మడి, గుడారం (జనవరి 27 నుంచి ఫిబ్రవరి 2 వరకు)

ఇందులో చెప్పవలసింది ఎక్కువ లేదు.

1. నాలుగు అడుగుల వెడల్పు, ఇరవై నాలుగు అడుగుల పొడవున ఇటుకలు పేర్చి మడి కట్టాం. మధ్యలో అడ్డంగా ఇటుకలు పెట్టి రెండు సగాలు చేశాం.
2. 8 మిల్లీమీటర్ల ఇనుప కడ్డీలను విల్లులా వంచి మూడు అడుగులకు ఒకటి చొప్పున పాతాం. మధ్యలో ఎత్తు మూడు అడుగులు.
3. కడ్డీల మీద 200 మైక్రాన్ల పాలిథీన్, దాని మీద సగం ఎండను ఆపే షేడ్ నెట్ కప్పాం.
4. మొదటి సగంలో మూడు అంగుళాల మందాన కొబ్బరి పొట్టు రెండు వంతులు, ఇసుక ఒక వంతు కలిపి నింపాం.

మూడో అంకెలో ఒక తప్పు, నాలుగో అంకెలో ఒక తప్పు ఉన్నాయి. అప్పుడు తెలియలేదు.

ఖర్చు: పాలిథీన్ రూ. 2,150. కడ్డీలు, వంపు కూలి, క్లిప్పులు రూ. 1,900. కొబ్బరి పొట్టు ఇటుకలు ఐదు రూ. 640. ఇసుక రూ. 700. వేరు హార్మోను, ఆల్కహాల్ రూ. 870. తేమ కూడా చూపించే థర్మామీటర్ రూ. 450.

ఇప్పటివరకు: ఖర్చు రూ. 6,710. మొక్కలు సున్నా.

దశ 2: మొదటి విడత (ఫిబ్రవరి 3 నుంచి మార్చి 10 వరకు)

ఫిబ్రవరి 3. తెల్లవారుజామున ఆరింటికి తల్లి మొక్కల నుంచి కొమ్మలు కోశాం. పెన్సిలు లావు, ఆరు అంగుళాల పొడవు, కనీసం మూడు కణుపులు. కింది కోత కణుపుకు సరిగ్గా కింద, పై కోత ఏటవాలుగా. కింది ఆకులు తీసేసి, పైన రెండు ఆకులను సగానికి కత్తిరించాం. హార్మోనులో ఐదు సెకన్లు ముంచి, అంగుళంన్నర లోతున, మూడు అంగుళాల ఎడంతో గుచ్చాం. ఇద్దరు మనుషులు, నేను, ఒక రోజు పని. మరుసటి పూట మిగిలినవి పూర్తిచేశాం.

ఫిబ్రవరి 11. మధ్యాహ్నం రెండింటికి గుడారం లోపల 44 డిగ్రీలు. బయట 33. షేడ్ నెట్ నేరుగా పాలిథీన్‌ను ఆనుకుని ఉండటంతో నెట్ వేడెక్కి, ఆ వేడి అంతా లోపలికి దిగుతోంది. ఇది కనిపెట్టడానికి ఎనిమిది రోజులు పట్టింది. థర్మామీటరును ఉదయం ఏడింటికి మాత్రమే చూస్తూ వచ్చాను. ఉదయం ఏడింటికి ఏ గుడారమైనా చల్లగానే ఉంటుంది.

ఫిబ్రవరి 15. కాగితంపూల కొమ్మలు 200కు 170 చిగుళ్లు వేశాయి. మా దగ్గర అంటు కట్టే పెద్దాయన వచ్చి చూశారు. నలభై ఏళ్లుగా మామిడి అంట్లు కడుతున్నారు. ఊళ్లో అందరికీ బాబాయి గారే.

"చిగురు చూసి మురిసిపోకమ్మా. అది కొమ్మలో దాచుకున్న బువ్వ తిని లేచిన చిగురు. కింద వేరు పడిందో లేదో చూశావా?"

"పీకి చూస్తే పోతాయి కదా బాబాయి గారూ?"

"ఇరవై పీకు. ఇరవై పోయినా, మిగిలిన వాటి సంగతి తెలుస్తుంది."

నాకు చేతులు రాలేదు. లేతాకుపచ్చగా, గోరంత ఆకులతో ఉన్న కొమ్మను పీకడం ఎలా? ఇంకో తొమ్మిది రోజులు ఆగాను. ఫిబ్రవరి 24న, ఇరవై ఒకటో రోజున, ఇరవై పీకాను. మూడింటికే వేళ్లు ఉన్నాయి. పదకొండింటికి అడుగు నల్లగా మెత్తబడి, వేలితో నొక్కితే తొక్క ఊడి వచ్చింది. ఆరు ఎలా నాటామో అలాగే ఉన్నాయి. ఆ తొమ్మిది రోజుల్లో చేయగలిగిన మార్పులన్నీ చేయకుండా, కింద కుళ్లుతున్న వాటికి పైనుంచి నీళ్లు పోస్తూ కూర్చున్నాను. వేరు లేకుండా లేచే ఇలాంటి చిగురును బాబాయి గారు దొంగ చిగురు అంటారు. ఇప్పుడు మా నర్సరీలో అందరూ ఆ మాటే వాడుతున్నారు.

అదే రోజు రెండో విడత నాటవలసి ఉంది. నాట్లు ఆపి, ముందు కారణాలు వెతికాం. నాలుగు దొరికాయి.

ఒకటి, నీళ్లు. రోజూ ఉదయం, సాయంత్రం జల్లు డబ్బాతో మడి తడిపాం. గుడారం లోపల తేమ ఎటూ పోదు. పొట్టును పిడికిట పట్టి పిండితే ధారగా కారింది. వేరు లేని కొమ్మకు తేమ కావలసింది ఆకు చుట్టూ ఉన్న గాలిలో. అడుగున కావలసింది గాలి ఆడే చోటు. మేము దానికి సరిగ్గా తిరగేసి ఇచ్చాం.

రెండు, ఉప్పు. కొబ్బరి పొట్టును నానబెట్టి, కడగకుండానే వాడాం. ఈసీ మీటరు (నీళ్లలో ఉప్పు ఎంతుందో చూపేది) కొని, మిగిలిన ఇటుకల్లో ఒకదాన్ని నానబెట్టి, పిండిన నీళ్లు కొలిస్తే 2.9 మిల్లీసీమెన్స్. మా కాలువ నీళ్లు 0.3. బోరు నీళ్లు 1.4. అంటే ఉప్పు పొట్టులో, ఉప్పు బోరు నీళ్లతో తడిపాం.

మూడు, హార్మోను. ఇది నన్ను ఎక్కువగా బాధపెట్టిన తప్పు. 250 మిల్లీలీటర్లకు 2,000 పీపీఎం (లీటరుకు 2 గ్రాములు) కావాలంటే అర గ్రాము ఐబీఏ (వేరు పుట్టించే హార్మోను) చాలు. వంటింటి తూకం గ్రాముకు తక్కువ చూపదు. అందుకని చెంచాతో ఒక అంచనా వేశాను. ఆ అంచనా ఎంతో తెలుసుకోవడానికి బంగారం తూచే చిన్న కాటా తెచ్చి, అదే చెంచాతో అంతే తీసి తూచాను. 1.3 గ్రాములు. అంటే 5,200 పీపీఎం. వేరు పుట్టించే మందు మోతాదు మించితే కొమ్మ అడుగును కాల్చేయవచ్చు. నల్లబడిన అడుగుల్లో కొన్ని కుళ్లు వల్ల కాదు, నా చెంచా వల్లే నల్లబడ్డాయని నా అనుమానం.

నాలుగు, వేడి. పైన చెప్పాను.

మార్చి 10. ముప్పై ఐదో రోజు. మొత్తం తీసి లెక్కపెట్టాం.

మందారం 200కు 118.
కాగితంపూలు 200కు 31.
నూరువరహాలు 200కు 44.
మొత్తం 600కు 193. నూటికి 32.

నూరువరహాల్లో చాలా వాటికి వేరు లేదు కానీ కోత చుట్టూ తెల్లగా, బుడిపెలా గడ్డకట్టింది. పనికిరావనుకుని వాటినీ కుప్పలో వేశాం. చాలాసార్లు వేరుకు ముందు ఆ గడ్డే వస్తుంది. తిరిగి నాటి ఇంకో రెండు వారాలు ఆగి ఉంటే వాటిలో కొన్నైనా దక్కేవి.

ఇప్పటివరకు: నాటినవి 600. వేరు వేసినవి 193. కూలి రూ. 1,500 కలిపి ఖర్చు రూ. 8,210.

దశ 3: మార్చినవి, రెండో విడత (ఫిబ్రవరి 24 నుంచి మార్చి 27 వరకు)

మొదటి విడత ఫలితం పూర్తిగా రాకముందే రెండోది నాటవలసి వచ్చింది. ఇరవై కొమ్మలు పీకి చూడటం వల్లే మార్పులు దీనికి అందాయి. బాబాయి గారి మాట ఫిబ్రవరి 15నే విని ఉంటే మొదటి విడతకు కూడా కొంత అందేవి.

పొట్టు కడిగిన తీరు:

1. ఐదు కిలోల ఇటుకను కాలువ నీళ్లలో రాత్రంతా నానబెట్టాలి. సుమారు 70 లీటర్ల పొట్టు అవుతుంది.
2. గోనెసంచిలో వేసి నీళ్లు పోసి పిండాలి. మూడు సార్లు. మా పొట్టు 2.9 నుంచి 0.6కు దిగింది.
3. పది లీటర్ల నీళ్లలో 100 గ్రాముల కాల్షియం నైట్రేట్ కరిగించి పొట్టుకు పట్టించి ఒక రోజు ఉంచాలి. పొట్టును అంటిపెట్టుకున్న సోడియం దీనితో వదులుతుంది.
4. మళ్లీ కడిగి పిండాలి. చివరి కొలత 0.4.

హార్మోను: అర గ్రాము ఐబీఏను 125 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కరిగించి, 125 మిల్లీలీటర్ల నీళ్లు కలిపాను. ఇది కాగితంపూలకు, నూరువరహాలకు. మందారానికి పావు గ్రాముతో వేరే సీసా. వెలుతురు తగలకుండా సీసాలకు నల్ల కాగితం చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాం. ముంచడానికి చిన్న గిన్నెలోకి వంచుకోవాలి. ముంచగా మిగిలింది తిరిగి సీసాలో పోయకూడదు.

షేడ్ నెట్: గుంజలు పాతి, పాలిథీన్ కంటే రెండున్నర అడుగుల పైకి లేపాం. బయట 34 ఉన్న రోజు లోపల 37. ఈ ఒక్క మార్పుకు గుంజల ఖర్చు రూ. 850. మొత్తం ప్రాజెక్టులో ఇంత తక్కువ డబ్బుకు ఇంత ఫలితం ఇచ్చిన పని ఇంకొకటి లేదు.

నీళ్లు: నాటే రోజు మడి ఒకసారి బాగా తడపడం, ఆ తర్వాత చేతి స్ప్రేయరుతో ఆకుల మీద మాత్రమే. పొట్టును పిండితే రెండు మూడు చుక్కలు రావాలి, ధార రాకూడదు. కుళ్లు రాకుండా నాటే ముందు కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాముల చొప్పున కలిపి మడికి పోశాం.

ఇన్ని సరిచేసుకుని, కొత్త తప్పు ఒకటి చేశాను. అడుగున గాలి ఆడాలని, దగ్గరలోని రైసుమిల్లు నుంచి కాలిన ఊక తెచ్చి పొట్టు, ఇసుక, ఊక సమానంగా కలిపాను. తేలికగా, గుల్లగా, చేతికి ఎంతో బాగుంది. మార్చి 14 నాటికి నూరువరహాల ఆకులు ఈనెలు ఆకుపచ్చగానే ఉండి, మధ్యభాగం పసుపు తిరిగాయి. పీహెచ్ కాగితంతో చూస్తే 8.3 (7 కంటే తక్కువైతే పులుపు, ఎక్కువైతే క్షారం). కాలిన ఊకలో బూడిద ఉంటుంది, బూడిదకు క్షారగుణం. నూరువరహాలకు కాస్త పుల్లటి నేల కావాలి. క్షారం ఎక్కువైతే మట్టిలో ఇనుము ఉన్నా మొక్కకు అందదు. మందారం కొంత తట్టుకుంది, నూరువరహాలు తట్టుకోలేదు. కాలిన ఊక వాడేవాళ్లు దాన్ని ముందు బాగా కడగాలి. నూరువరహాలకైతే అసలు వద్దనే చెబుతాను.

మందారం తల్లి మొక్కల్లో రెండింటికి చిగుళ్ల సందుల్లో పిండినల్లి ఉంది. ఎండ ముదిరేకొద్దీ అది పెరుగుతుంది. తొమ్మిది కొమ్మలతో పాటు మడిలోకి వచ్చేసింది. ఆ తొమ్మిదింటినీ పీకి కాల్చేసి, మిగిలిన వాటికి సబ్బు నీళ్లు చల్లాం. కొమ్మ కోసే ముందు తల్లి మొక్క చిగుళ్లను విప్పి చూడటం ఇప్పుడు పనిలో మొదటి మెట్టు.

పూత గురించి

ఇది కొంచెం వివరంగా రాయాలి. వసంతంలో కొమ్మలు నాటేవాళ్లు అందరూ ఎదుర్కొనే చిక్కు ఇదే.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో కాగితంపూలు విరగబూస్తాయి. గేటు దగ్గర గులాబి రంగు చెట్టు ఒకటి ఉంది. రోడ్డు మీద వెళ్లేవాళ్లు దాన్ని చూసి బండి ఆపి లోపలికి వస్తారు. మామిడి పూత వాసన, తేనెటీగల రొద, కోయిల కూత, ఆ పూలు, ఇవన్నీ ఉన్న నెలన్నరే మా ఏడాది అమ్మకాల్లో పెద్ద భాగం. కానీ పూస్తున్న కొమ్మ సరిగా వేరు వేయదు. దాని బలమంతా పూలకే పోతుంది. మొదటి విడతలో కాగితంపూల కొమ్మల్లో సగం పైగా పూత కొమ్మలే, పూలు తుంచేసి నాటాం. తుంచినా లాభం లేదు. కొమ్మ లోపల పూతకు సిద్ధపడిపోయి ఉంటుంది.

రెండో విడతకు గేటు దగ్గరి చెట్టును వదిలేసి, వెనక గోడవారన నీడలో ఉండి పూయని మూడు చెట్ల నుంచి, కింది భాగంలో ముదిరిన కొమ్మలు కోశాం. ఫలితం 31 నుంచి 97కు పెరగడంలో హార్మోను తూకంతో పాటు దీనికీ వాటా ఉందని నా నమ్మకం. అన్నీ ఒకేసారి మార్చాను కాబట్టి దేనికి ఎంత అని విడదీయలేను. మీరు చేసేటప్పుడు ఇరవై కొమ్మలైనా పాత పద్ధతిలో పక్కన పెట్టండి.

మార్చి 27. రెండో విడత లెక్క.

మందారం 200కు 166.
కాగితంపూలు 200కు 97.
నూరువరహాలు 200కు 88.
మొత్తం 600కు 351. నూటికి 58.

ఇప్పటివరకు: నాటినవి 1,200. వేరు వేసినవి 544. మీటరు, కాటా, గుంజలు, కాల్షియం నైట్రేట్ కలిపి రూ. 2,500, కూలి రూ. 1,500. మొత్తం ఖర్చు రూ. 12,210.

దశ 4: కవరులోకి మార్చడం, ఉగాది ముందు రోజు

మొదటి విడతలో వేరు వేసిన 193ను మార్చి 10నే నాలుగు అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల ఎత్తున్న కవర్లలోకి మార్చాం. ఎర్రమట్టి రెండు వంతులు, గోదావరి ఒండ్రు ఒక వంతు, చివికిన పశువుల ఎరువు ఒక వంతు. కొమ్మను పట్టుకుని మెల్లగా లాగి, పొట్టు దులిపి, కవరులో పెట్టి మట్టి నొక్కాం. మందారానికి ఎప్పుడూ చేసే పనే.

కాగితంపూల వేళ్లు గాజు దారాల్లా ఉంటాయి. వంగవు, విరుగుతాయి. పొట్టు దులిపినప్పుడు కొన్ని, మట్టి నొక్కినప్పుడు మరికొన్ని. 31లో 22 వారం తిరిగేసరికి వాడిపోయాయి. వేరు వేయించడానికి ముప్పై ఐదు రోజులు కాపాడి, కవరులో పెట్టే అర నిమిషంలో చంపుకున్నాం. మందారం 27, నూరువరహాలు 14 పోయాయి. 193లో మిగిలినవి 130.

రెండో విడతకు మా అత్తయ్య అట్లకాడ తెచ్చి ఇచ్చారు. దాన్ని పొట్టులోకి అడుగుదాకా దించి, అట్టును తిప్పినట్టు కొమ్మను దాని చుట్టూ ఉన్న పొట్టుతో సహా లేపి, అలాగే కవరులోకి జార్చాలి. మట్టిని వేళ్లతో నొక్కకుండా, నీళ్లు పోసి సర్దుకోనివ్వాలి. మార్చి 27, 28 తేదీల్లో 351నీ ఇలాగే మార్చి, మళ్లీ గుడారంలో పెట్టాం. మార్చడంలో పోయినవి దాదాపు లేవు.

మార్చి 29. మరునాడు ఉగాది. వేపపువ్వు కోసం, మామిడి రెమ్మల కోసం ఉదయం నుంచి జనం. మా వేపచెట్టు కింద నిచ్చెన వేసి పువ్వు దులిపి ఇస్తున్నాం. వచ్చినవాళ్లు గుడారంలో ఏముందని అడిగారు. మంచి మొక్కలు, చూపించాలనిపించింది. తొమ్మిదింటికి రెండు పక్కలా పాలిథీన్ పైకి చుట్టేశాం. తర్వాత అమ్మకాల హడావిడిలో దాన్ని దించడం అందరం మరిచిపోయాం.

పన్నెండింటి నుంచి పడమటి గాలి. మూడింటికి వెళ్లి చూస్తే లోపల తేమ 41 శాతం. ముందు రోజు అదే సమయానికి 88. ఆకులన్నీ తలలు వాల్చేశాయి. వెంటనే కప్పేసి నీళ్లు చల్లాం. సాయంత్రానికి చాలావరకు లేచాయి, రాత్రి ఊపిరి పీల్చుకున్నాను. కానీ లేచినట్టు కనిపించినవే తర్వాతి రెండు వారాల్లో ఒక్కొక్కటిగా చివరి నుంచి ఎండుతూ వచ్చాయి. అంగుళం వేరు రెండు ఆకులకు సరిపడా నీళ్లు తాగలేదు. గుడారంలోని తేమ గాలే అంతవరకు వాటిని మోసింది, ఆ ఆసరాను ఆరు గంటల్లో లాగేశాం.

మందారం 25, కాగితంపూలు 35, నూరువరహాలు 24. మొత్తం 84 పోయాయి. 351లో మిగిలినవి 267.

ఇప్పటివరకు: వేరు వేసినవి 544. వాటిలో బతికినవి 397. అంటే వేరు వేశాక పోయినవి 147.

ఆ 147 నాకు మొదటి కుప్పలోని 407 కంటే ఎక్కువ బాధ కలిగించాయి. అవి వేరు వేయని కొమ్మలు కావు.

దశ 5: మూడో విడత, కవరులోనే నాటడం (మార్చి 17 నుంచి మే 8 వరకు)

మార్చి 10న కాగితంపూల వేళ్లు విరిగినప్పుడే ఈ విడత పద్ధతి మార్చాం. మడిలో నాటి కవరులోకి మార్చడం ఎందుకు, మొదటే కవరులో నాటితే వేరును ముట్టుకునే పనే ఉండదు.

1. కవరులో పైన చెప్పిన మట్టి మిశ్రమం నింపి, బాగా తడిపి, ఒక రోజు ఆరనివ్వాలి.
2. బొటనవేలు లావు కర్రతో మధ్యలో మూడు అంగుళాల గుంట చేయాలి.
3. కడిగిన కొబ్బరి పొట్టు, ఇసుక సగం సగం కలిపి ఆ గుంట నింపాలి. కవరుకు సుమారు 40 మిల్లీలీటర్లు పడుతుంది.
4. కొమ్మను ఆ పొట్టులోనే గుచ్చాలి. కొమ్మ అడుగు మట్టిని తాకకూడదు.

వేరు పొట్టులో పుట్టి, దానంతట అదే మట్టిలోకి దిగుతుంది. ఊక వాడలేదు. పీహెచ్ 6.4. నీళ్లు కాలువవే. వేసవిలో డెల్టా కాలువలు కట్టేస్తారు కాబట్టి, ముందే రెండు డ్రమ్ములు, ఒక తొట్టి నింపుకున్నాం. స్ప్రేయరుకు ఆ నీళ్లు, పెద్ద మొక్కలకు బోరు నీళ్లు.

కడ్డీల్లో సగం పీకి, సగం గుడారాన్ని మామిడిచెట్టుకు తూర్పు వైపుకు మార్చాం. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక చెట్టు నీడ పడుతుంది. ఏప్రిల్‌లో బయట 39 ఉన్న రోజున కూడా లోపల 38 దాటలేదు. పాత చోట అయితే ఆ ఎండకు 42 చూసేవాళ్లం. చెట్టు కింద పిందెలు రాలి పాలిథీన్ మీద పడుతుంటాయి, రెండు చోట్ల చిరిగితే టేపు వేశాం.

నీళ్లు ఎప్పుడు పోయాలో తెలియడానికి ఐదు కవర్లకు ఎర్ర దారం కట్టి రోజూ తూచాను. తడిపిన వెంటనే 540 గ్రాములు. 460కు దిగినప్పుడు పోయాలి. మొదటి మూడు వారాల్లో పోయవలసి వచ్చింది రెండు సార్లే. మొదటి విడతలో అదే మూడు వారాల్లో నలభై సార్లు పోశాం.

ఏప్రిల్ 24. ముప్పై ఎనిమిదో రోజు. కవరులో ఉన్నవాటిని పీకి చూడలేం. కవరు అడుగు రంధ్రంలో తెల్ల వేరు కనిపించినవి, కొమ్మను రెండు వేళ్లతో పట్టి మెల్లగా లాగితే బిగువుగా ఉన్నవి మాత్రమే లెక్కలోకి తీసుకున్నాం. చిగురు ఉన్నా బిగువు లేనివి లెక్కలో లేవు.

మందారం 200కు 171.
కాగితంపూలు 200కు 134.
నూరువరహాలు 200కు 139.
మొత్తం 600కు 444. నూటికి 74.

కవర్లు, ఎర్రమట్టి, ఎరువు మూడు విడతలకూ కలిపి రూ. 1,400. ఈ విడత కూలి రూ. 2,000. కవర్లు నింపడం వల్ల ఒక రోజు పని పెరిగింది. మొత్తం ఖర్చు రూ. 15,610.

ఎండకు అలవాటు చేసిన పది రోజులు (ఏప్రిల్ 25 నుంచి మే 4 వరకు):

1. మొదటి రెండు రోజులు: గుడారం రెండు కొసలు ఉదయం ఆరు నుంచి ఏడు వరకు తెరవడం.
2. మూడు, నాలుగు రోజులు: కొసలు తొమ్మిది వరకు, మళ్లీ సాయంత్రం ఐదు తర్వాత.
3. ఐదు, ఆరు రోజులు: కొసలు రోజంతా తెరిచి, పక్కలు మూసి.
4. ఏడు, ఎనిమిది రోజులు: తూర్పు పక్క జానెడు ఎత్తున చుట్టడం. పడమర ముట్టుకోకూడదు.
5. తొమ్మిదో రోజు: రాత్రంతా పూర్తిగా తీసి ఉంచడం, ఉదయం తొమ్మిదికి కప్పడం.
6. పదో రోజు: పాలిథీన్ తీసేసి షేడ్ నెట్ కిందే ఉంచడం.

ఏ రోజైనా మధ్యాహ్నం ఆకు వాలితే ఒక మెట్టు వెనక్కి వెళ్లాలి. మేము ఏడో రోజున ఒకసారి వెళ్లాం. గుడారం తెరిచినప్పుడల్లా ఫోనులో గంట మోగేట్టు పెట్టుకున్నాను, ఎవరు వచ్చినా, ఎంత బేరం నడుస్తున్నా అది మోగితే లేవాలి.

మే 8. పోయినవి మందారం 6, కాగితంపూలు 15, నూరువరహాలు 8. మొత్తం 29. మిగిలినవి 415.

చివరి లెక్క

అమ్మకానికి నిలిచిన మొక్కలు: మొదటి విడత 130, రెండోది 267, మూడోది 415. మొత్తం 812.

రకాల వారీగా: మందారం 397, కాగితంపూలు 190, నూరువరహాలు 225.

అలవాటు చేసే పనికి కూలి రూ. 1,000 కలిపి మొత్తం ఖర్చు రూ. 16,610. మొక్కకు రూ. 20.46. కొని తెచ్చుకునే 18 కంటే ఎక్కువే. పాలిథీన్, కడ్డీలు, గుంజలు, మీటరు, కాటా, థర్మామీటర్ వచ్చే ఏడు కూడా పనికొస్తాయి. ఆ రూ. 6,850 తీసేసి చూస్తే మొక్కకు రూ. 12.02. నా సొంత కష్టం ఇందులో వేయలేదు. రోజుకు రెండు గంటల చొప్పున మూడు నెలలు పట్టింది, ఇది మొదలుపెట్టేవాళ్లు ఆ సమయం తమకు ఉందో లేదో ముందు చూసుకోవాలి.

వచ్చే వసంతానికి ఇప్పుడే ఖాయం చేసుకున్నవి: మడి నాట్లు ఉండవు, మూడు విడతలూ కవరులోనే. నూరువరహాలకు 45 రోజులు నిండకముందు లెక్క పెట్టకూడదు. కాగితంపూల తల్లి మొక్కలు నాలుగింటిని అమ్మకాల చూపుకు అందని వెనక గోడవారకు తరలించి, డిసెంబరు మొదటి వారంలో మోకాలి ఎత్తుకు కత్తిరించాలి. అప్పుడు ఫిబ్రవరికి పూత లేని కొమ్మలు దొరుకుతాయి. గేటు దగ్గరి గులాబి రంగు చెట్టుకు సికేచర్ (కొమ్మలు కత్తిరించే కత్తెర) తగలదు.

మే 10. మొదటి విడతలో మిగిలిన తొమ్మిది కాగితంపూల మొక్కల్లో ఎనిమిదింటిని ఈ రోజు రాజమహేంద్రవరం నుంచి వచ్చిన ఒక కుటుంబం కొనుక్కుంది. తొమ్మిదోది వెనక గోడవార గుంటలో నాటాం. దాని పక్కన ఇంకా మూడు గుంటలు ఖాళీగా ఉన్నాయి.